యాడ్స్ లెక్క 64, అనలిటిక్స్ లెక్క 9, అసలు ఆర్డర్లు 52: ఎవరిని నమ్మాలి?

బండెడు_డౌట్లు
చేతికుట్టు బ్యాగులు అమ్మే చిన్న సైట్ నాది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండిట్లోనూ యాడ్స్ నడుస్తున్నాయి. నెలాఖరున కూర్చుని లెక్క చూస్తే తల తిరిగింది. ఆ రెండిటి కంపెనీ మెటా ఇచ్చే యాడ్స్ మేనేజరేమో మా వల్ల 64 కొనుగోళ్ళు అంటోంది. గూగుల్ అనలిటిక్స్ తెరిస్తే ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండూ కలిపి 9. సరే, సైట్ అడ్మిన్‌లోకి వెళ్ళి ఆర్డర్లే లెక్కపెట్టా. అన్ని దారుల్లో వచ్చినవీ కలిపితే 52.

మొత్తం అమ్ముడైందే 52 అయితే యాడ్స్ 64 ఎలా అమ్మాయి? యాడ్స్ చూసుకునే ఏజెన్సీ అబ్బాయిని అడిగితే "మెటా లెక్కే కరెక్టండీ, బడ్జెట్ పెంచుదాం" అన్నాడు. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది.

తోకచుక్క
మిగతా 12 మంది వచ్చే నెల కొంటారు. యాడ్ ముందుచూపు అది.

లెక్కలమాస్టారు
తోకచుక్క జోకు పక్కన పెడితే, ఈ మూడు అంకెలూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. అందుకే కలవవు, కలవాలని చూడకండి కూడా.

మెటా అడిగేది: "కొన్నవాళ్ళలో మా యాడ్ తగిలినవాళ్ళు ఎంతమంది?" మీరు సెట్టింగ్ మార్చకపోతే క్లిక్ చేసి 7 రోజుల్లోపు కొన్నా, క్లిక్ చేయకుండా ఊరికే చూసి ఒక రోజులోపు కొన్నా ఆ అమ్మకం తన ఖాతాలో రాసుకుంటుంది. అనలిటిక్స్ అడిగేది వేరు: "కొన్న మనిషి ఈసారి సైట్‌లోకి ఏ గుమ్మంలోంచి వచ్చాడు?" యాడ్ చూసి, క్లిక్ చేయకుండా, సాయంత్రం గూగుల్‌లో మీ పేరు వెతికి వచ్చి కొన్నాడనుకోండి. అనలిటిక్స్‌కి అది గూగుల్ అమ్మకం, మెటాకి మెటా అమ్మకం. బిడ్డ ఒకటే, మా పోలికే అనే చుట్టాలు నలుగురు.

నిజమైన అంకె మీ ఆర్డర్ల పుస్తకం ఒక్కటే. 52. దాన్ని పట్టుకుని మిగతా రెండిటినీ ప్రశ్నించండి.

అయితే ఒక్క మాట. ఎంత క్రెడిట్ కొట్టేసినా ఉన్న 52నే కొట్టేయగలరు. 64 అంటే ఎక్కడో ఒకే ఆర్డర్ రెండుసార్లు లెక్కకొస్తోంది.

కోడుకోతి
మాస్టారు చివర్లో అన్నదే అసలు సంగతి. పిక్సెల్ (సైట్‌లో ఏం జరిగిందో మెటాకి చెప్పే చిన్న కోడ్) డబుల్ కొడుతోంది. మూడు ప్రశ్నలకి జవాబు చెప్పండి. పిక్సెల్ ఎవరు పెట్టారు, సైట్‌కి తగిలించే ప్లగిన్నా, ఇలాంటి కోడ్‌లన్నీ ఒకచోట పెట్టే ట్యాగ్ మేనేజరా? కన్వర్షన్స్ ఏపీఐ ఆన్‌లో ఉందా? ఆర్డర్ అయ్యాక వచ్చే థాంక్యూ పేజీని రిఫ్రెష్ చేస్తే మళ్ళీ తెరుచుకుంటుందా?

బండెడు_డౌట్లు
ప్లగిన్ నేనే వేశా, మొదట్లో. తర్వాత ఏజెన్సీ అబ్బాయి ట్యాగ్ మేనేజర్‌లో "ఇంకోటి, సేఫ్టీకి" అని పెట్టాడు. కన్వర్షన్స్ ఏపీఐ అంటే ఏంటో తెలీదు కానీ ప్లగిన్ సెట్టింగ్స్‌లో ఆ పేరుతో ఒక పచ్చ స్విచ్ ఉంది. ఆన్‌లోనే ఉంది.

కోడుకోతి
సేఫ్టీకి రెండు పిక్సెల్స్! రెండు వాచీలు పెట్టుకున్నవాడికి టైమెంతో తెలీనట్టే.

ఇలా చేయండి. మెటా ఈవెంట్స్ మేనేజర్‌లో టెస్ట్ ఈవెంట్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది. అక్కడ మీ సైట్ అడ్రస్ ఇచ్చి, దాంట్లోంచే సైట్ తెరిచి, నిజంగా ఒక ఆర్డర్ పెట్టండి. ట్యాబ్‌లో పర్చేజ్ అని ఎన్ని లైన్లు పడ్డాయో, పక్కన బ్రౌజర్ అని ఉందో సర్వర్ అని ఉందో చూసి చెప్పండి. సర్వర్ లైన్ రాకపోతే అక్కడే ఒక టెస్ట్ కోడ్ ఇస్తారు, దాన్ని ప్లగిన్‌లో పెట్టి మళ్ళీ చూడండి.

సూరీడు77
ఎందుకీ గోలంతా. ట్రాకింగ్ అనేదే బూటకం. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకుంటున్నాడు, మార్కులు తక్కువెందుకు వేసుకుంటాడు? యాడ్స్ ఒక వారం ఆపండి. అమ్మకాలు పడితే యాడ్స్ పనిచేస్తున్నట్టు, పడకపోతే లేనట్టు. అయిపోయింది.

లెక్కలమాస్టారు
పేపర్ దిద్దే పోలిక బాగుంది, ఒప్పుకుంటా. వారం ఆపి చూడమన్నదే ఒప్పుకోను. నెలకి 52 అంటే వారానికి 12. ఇంత చిన్న అంకెల్లో ఏ కారణమూ లేకుండానే ఒక వారం 8, ఇంకో వారం 16 వస్తాయి. మీరు ఆపిన వారం 9 వచ్చాయనుకోండి, యాడ్స్ ఆపినందుకా, ఊరికేనా? తేల్చలేరు. పైగా నిన్న యాడ్ చూసినవాడు రేపు కొంటాడు, కాబట్టి మొదటి కొన్ని రోజులూ పాత యాడ్స్ ఊపులోనే నడుస్తుంది.

ఆపడమే దారి అయితే అన్ని చోట్లా ఒకేసారి కాదు. కొన్ని ప్రాంతాల్లో ఆపి, అలాంటివే ఇంకొన్నిటిలో నడపండి. రెండు గుంపులనీ ఒకే కాలంలో పోల్చండి. అదీ ఒక నెలైనా.

సూరీడు77
52 ఆర్డర్లని ప్రాంతాలవారీగా చీలిస్తే ఒక్కోచోట మూడు మిగుల్తాయి మాస్టారూ.

లెక్కలమాస్టారు
అదీ నిజమే 🙂 అందుకే ముందు డబుల్ కౌంటింగ్ సంగతి చూద్దాం.

బండెడు_డౌట్లు
టెస్ట్ ఆర్డర్ పెట్టా. ఒక్క బ్యాగు, ఒక్క ఆర్డర్. టెస్ట్ ఈవెంట్స్ ట్యాబ్‌లో పేజ్ వ్యూ, వ్యూ కంటెంట్, యాడ్ టు కార్ట్ అని వరసగా పడుతూ వచ్చాయి. థాంక్యూ పేజీ రాగానే పర్చేజ్, బ్రౌజర్. రెండు సెకన్లకి ఇంకో పర్చేజ్, బ్రౌజర్. నీళ్ళు తాగి వచ్చేసరికి మూడోది: పర్చేజ్, సర్వర్. ఇదేంటా అని పేజీ రిఫ్రెష్ కొట్టా. మళ్ళీ రెండు.

నా ఒక్క బ్యాగు ఐదు బ్యాగులైంది.

తోకచుక్క
కుట్టే శ్రమ లేకుండా ఐదు బ్యాగులు. మంచి వ్యాపారం.

కోడుకోతి
ఊహించిందే. ఒక్కొక్కటీ చూద్దాం.

బ్రౌజర్‌వి రెండు: ఒకటి ప్లగిన్‌ది, ఒకటి ట్యాగ్ మేనేజర్‌ది. ట్యాగ్ మేనేజర్‌లోది తీసేయండి. ప్లగినే ఎందుకు ఉంచాలంటే బ్రౌజర్, సర్వర్ రెండూ దాని చేతిలోనే ఉంటాయి.

సర్వర్‌ది తీయకండి, మీ పచ్చ స్విచ్ కన్వర్షన్స్ ఏపీఐ పంపేది అదే. అది దండగ కాదు. బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ ఉన్నా, థాంక్యూ పేజీ పూర్తిగా లోడవకముందే మనిషి మూసేసినా పిక్సెల్ మూగబోతుంది. అప్పుడు సర్వర్ నేరుగా చెబుతుంది. కానీ ఇద్దరూ చెప్పినప్పుడు అది ఒకటే ఆర్డరని మెటాకి తెలియాలంటే రెండిటికీ ఒకే ఈవెంట్ పేరు, ఒకే ఈవెంట్ ఐడీ ఉండాలి. 48 గంటల్లోపు అదే జంట మళ్ళీ వస్తే రెండోదాన్ని పారేస్తుంది. ఐడీ లేకపోతే ఇద్దరు మనుషులనుకునే ప్రమాదం ఉంది. ఐడీ దగ్గర ఆర్డర్ నంబరే పెట్టండి, రిఫ్రెష్ జబ్బు కూడా చాలావరకు దాంతోనే పోతుంది. ఇంకా గట్టిగా కావాలంటే ఒక ఆర్డర్ నంబర్‌కి ఒక్కసారే పిక్సెల్ కొట్టేలా పెట్టించండి. రేపు ఆర్డర్ ఎక్కడుందో చూసుకోడానికి మెయిల్‌లో ఉన్న లింక్ నొక్కి అదే పేజీకి వచ్చేవాళ్ళుంటారు.

లెక్కలమాస్టారు
ఒక్కో ఆర్డర్‌కి మూడు పడితే 64 వెనక ఉన్నవి సుమారు 21. రిఫ్రెష్‌లు కలిపితే ఇంకా తక్కువ. ఇప్పుడు 64కీ 9కీ కాదు, 20కీ 9కీ మధ్య తేడా. అది మనుషులు మాట్లాడుకోగలిగే తేడా.

బండెడు_డౌట్లు
అంటే ఇన్నాళ్ళూ మూడింతలు చూసి మురిసిపోయానా? ఆ అంకె చూసే రెండుసార్లు బడ్జెట్ పెంచా.

కోడుకోతి
మీరొక్కరే కాదు, మెటా కూడా ఆ అంకె చూసే నేర్చుకుంది. ఎవరికి చూపిస్తే కొంటారో అది తెలుసుకునేది ఈ ఈవెంట్స్‌తోనే. రిఫ్రెష్ ఎక్కువ కొట్టేవాళ్ళని మంచి కస్టమర్లనుకుని ఉంటుంది పాపం.

అర్ధరాత్రి_ఆర్డర్
9 సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదేంటి. డౌట్లు గారూ, యాడ్‌లో పెట్టిన లింక్ చివర యూటీఎం (ఎక్కడినుంచి, ఏ యాడ్ వల్ల వచ్చాడో చెప్పే చీటీ) ఉందా, ఉత్త సైట్ అడ్రసేనా?

బండెడు_డౌట్లు
ఉత్త అడ్రసే. క్లిక్ చేసినప్పుడు చివర ఎఫ్‌బీక్లిడ్ అని పొడుగాటి తోక వస్తోందిగా, అది చాలదా?

అర్ధరాత్రి_ఆర్డర్
చాలదు. ఆ తోక మెటా కోసం మెటా తగిలించుకున్నది. ఫలానా క్యాంపెయిన్ అని గూగుల్ అనలిటిక్స్‌కి అది చెప్పదు. యూటీఎం లేకపోతే అనలిటిక్స్ ఎక్కడినుంచి వచ్చాడో చూసి ఊహించుకుంటుంది. ఎల్ డాట్ ఫేస్‌బుక్ ఒకటి, ఎం డాట్ ఫేస్‌బుక్ ఒకటి, ఎల్ఎం డాట్ ఫేస్‌బుక్ ఇంకొకటి, ఇన్‌స్టాది మరొకటి. మీ పేజీలో ఊరికే పెట్టిన పోస్ట్ నుంచి వచ్చినవాడూ యాడ్ నుంచి వచ్చినవాడూ ఒకే గుంపులో కలిసిపోతారు. యాప్ ఆ సమాచారం పంపకపోతే "డైరెక్ట్" అనే గంగలో కలుస్తారు. మీ డైరెక్ట్ చూడండి, ఉబ్బిపోయి ఉంటుంది.

పాతకాపు
యూటీఎం అన్నారు కాబట్టి ముసలాడి సోది. ఆ మాటలో యూ అంటే అర్చిన్. అర్చిన్ అనే కంపెనీని 2005లో గూగుల్ కొని, దాన్నే గూగుల్ అనలిటిక్స్ చేసింది. కంపెనీ పేరు పోయింది, లింక్ చివర ఒక్క అక్షరం మిగిలింది. నేను లాగ్ ఫైల్స్ చదివి హిట్స్ లెక్కపెట్టిన రోజులనుంచీ ఉన్నా. అప్పుడూ అంకెలు కలిసేవి కావు.

పనికొచ్చే ముక్క: పెద్దక్షరం, చిన్నక్షరం అనలిటిక్స్‌కి వేరు వేరు. ఒకచోట పెద్ద ఎఫ్‌తో ఫేస్‌బుక్, ఇంకోచోట చిన్న ఎఫ్‌తో రాస్తే రెండు వరసలు పడతాయి. అన్నీ చిన్నక్షరాలే, ఖాళీలు లేకుండా, ఒక షీట్‌లో రాసుకుని అక్కడినుంచే కాపీ చేసుకోండి. చేత్తో టైప్ చేస్తే చేసిన ప్రతిసారీ ఒక కొత్త క్యాంపెయిన్ పుడుతుంది.

చిలకపచ్చ
యూటీఎంలో మీడియం (ఏ రకం దారో చెప్పే గడి) దగ్గర జాగ్రత్త. నేను "సోషల్" అని రాశా, యాడ్సన్నీ ఆర్గానిక్ సోషల్ కింద పడ్డాయి. ఉచితంగానే ఇంతమంది వస్తున్నారు కదా అని మా వాళ్ళు యాడ్స్ ఆపేయబోయారు. పెయిడ్ సోషల్ కింద పడాలంటే మీడియంలో సీపీసీ (క్లిక్‌కి ఇంత అని కట్టేది) అనో, పెయిడ్‌తో మొదలయ్యే మాటో ఉండాలి.

అర్ధరాత్రి_ఆర్డర్
సీపీసీ వద్దు, గూగుల్ యాడ్స్‌తో కలిసిపోతుంది. పెయిడ్ అండర్‌స్కోర్ సోషల్ అని రాయండి.

చిలకపచ్చ
సోర్స్ (ఏ సైట్ నుంచో చెప్పే గడి) వేరుగా ఉన్నప్పుడు ఎందుకు కలుస్తుంది? ఛానెల్ సరిగ్గానే పడుతుంది.

అర్ధరాత్రి_ఆర్డర్
మీడియం ఒక్కటే పెట్టి రిపోర్ట్ చూసే బాస్‌లుంటారు. మీకు లేరేమో, అదృష్టవంతులు.

పాతకాపు
ఏదో ఒకటి. మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

బండెడు_డౌట్లు
నాకు ఎనిమిది యాడ్స్ ఉన్నాయి. ఒక్కోదానికీ చేత్తో రాయాలా?

కోడుకోతి
అక్కర్లేదు. యాడ్ తయారుచేసే చోట కిందకి వెళ్తే యూఆర్ఎల్ పారామీటర్స్ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో క్యాంపెయిన్ పేరు, యాడ్ పేరు, ప్లేస్‌మెంట్ (యాడ్ కనబడిన చోటు) వాటంతటవే నిండే కోడ్‌లు దొరుకుతాయి. యూటీఎంలో కాంటెంట్ అనే గడి దగ్గర యాడ్ పేరు పెట్టండి. ఏ యాడ్ నుంచి వచ్చినవాడు కొన్నాడో దాంతోనే తెలుస్తుంది. ఒక్క చిక్కు: ఆ కోడ్‌లోకి వెళ్ళేది యాడ్ పబ్లిష్ చేసిన రోజు పెట్టిన పేరు. తర్వాత పేరు మార్చినా లింక్‌లో పాతదే వస్తుంది. "న్యూ యాడ్ కాపీ 3" అని పెట్టి తర్వాత ఏడవకండి.

చిలకపచ్చ
యూటీఎం పెట్టాక మీ ఫోన్‌లోంచి ఆ లింక్ ఒకసారి తెరిచి, చివరికి అడ్రస్ బార్‌లో ఆ తోక మిగిలిందో లేదో చూడండి. మా సైట్ అడ్రస్ ముందు మూడు డబ్ల్యూలు లేని రూపంనుంచి ఉన్న రూపానికి మళ్ళిస్తుంది. ఆ మళ్ళింపులో ప్రశ్నార్థకం తర్వాతున్నదంతా కత్తిరించేసేది. నాలుగు వారాలు యూటీఎం పెట్టామని మేము, రాలేదని అనలిటిక్స్. నెట్ యాడ్ ఏజెన్సీతో గొడవపడి, తీరా చూస్తే సర్వర్‌లో ఒక్క లైన్.

వానచినుకు
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది అమ్మకాల దాకా కూడా రాలేదు. మెటాలో 800 క్లిక్స్, అనలిటిక్స్‌లో 310 సెషన్స్ (సైట్‌కి రాకలు). మిగతా 490 మంది దారిలో ఎక్కడ దిగిపోయారు?

అర్ధరాత్రి_ఆర్డర్
ఆ 800 ఏ కాలమ్‌లో చూశారు? ఉత్త "క్లిక్స్" అయితే లైక్ కొట్టినా, సీ మోర్ నొక్కినా, మీ పేజీ పేరు నొక్కినా అందులో పడతాయి. "లింక్ క్లిక్స్" చూడండి. దాని పక్కనే "ల్యాండింగ్ పేజ్ వ్యూస్" పెట్టుకోండి.

వానచినుకు
లింక్ క్లిక్స్ 520. ల్యాండింగ్ పేజ్ వ్యూస్ 335.

అర్ధరాత్రి_ఆర్డర్
335కీ 310కీ గొడవ లేదు, వదిలేయండి. 520కీ 335కీ మధ్య 185 మంది నొక్కారు, పేజీ రాకముందే వెళ్ళిపోయారు. మీ పేజీ బరువెంత?

వానచినుకు
పైన ఒక వీడియో ఉంది. దానంతటదే ప్లే అవుతుంది. చాలా బాగుంటుంది అసలు.

తోకచుక్క
185 మంది చూడలేదు దాన్ని.

కోడుకోతి
వీడియో తీసి ఒక ఫొటో పెట్టి, వారం చూడండి. అలాగే ప్లేస్‌మెంట్‌వారీగా విడగొట్టి చూడండి. ఆడియన్స్ నెట్‌వర్క్ (బయటి యాప్‌లలో మెటా చూపే యాడ్స్) ఆన్‌లో ఉంటే గేమ్ మధ్యలో యాడ్ మూయబోయి నొక్కినవాళ్ళ క్లిక్స్ కూడా పడతాయి. వాళ్ళు పేజీ లోడయ్యేదాకా ఆగరు.

బండెడు_డౌట్లు
నా దారం లాక్కుపోకండి బాబూ. అనలిటిక్స్‌లో ఇంకో వింత. 52లో 17 ఆర్డర్లకి సోర్స్ దగ్గర పేమెంట్ గేట్‌వే అడ్రస్ కనబడుతోంది. వాళ్ళు నా బ్యాగులకి ప్రచారం చేస్తున్నారా?

కోడుకోతి
😄 లేదు. డబ్బు కట్టడానికి మనిషి మీ సైట్‌లోంచి గేట్‌వేకి వెళ్ళి తిరిగొస్తాడు. ఆ రాకని అనలిటిక్స్ కొత్త రాక అనుకుంటోంది. అసలు తీసుకొచ్చిన యాడ్ పేరు తుడిచేసి గేట్‌వే పేరు రాసుకుంటోంది. అడ్మిన్‌లో డేటా స్ట్రీమ్‌కి వెళ్ళి, ట్యాగ్ సెట్టింగ్స్‌లో అన్‌వాంటెడ్ రిఫరల్స్ లిస్ట్‌లో ఆ అడ్రస్ చేర్చండి. ఇకమీద వచ్చేవాటికే పనిచేస్తుంది, పాతవి మారవు.

లెక్కలమాస్టారు
ఆ 17లో మీ యాడ్స్‌వి కొన్ని తప్పకుండా ఉంటాయి. 9 ఎందుకు తక్కువో తెలిసిపోయిందిగా: తోక లేదు, ఉన్న కాస్తా గేట్‌వే మింగింది.

సూరీడు77
అన్నీ సరిచేశాక కూడా ఐఫోన్ వాళ్ళ సంగతి? యాపిల్ 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో "ట్రాక్ చేయనివ్వాలా" అని అడగడం మొదలుపెట్టింది. వద్దన్నవాళ్ళని మెటా అంచనా వేసి చెబుతుంది. అంచనా వేసి, ఆ అంచనాకి బిల్లు.

అర్ధరాత్రి_ఆర్డర్
బిల్లు అంచనాకి కాదు, ఎక్కువ భాగం యాడ్ చూపించినందుకు. కానీ ఐఫోన్ దెబ్బ అనలిటిక్స్‌కీ ఉంది, అది ఎవరూ చెప్పరు. సఫారీలో స్క్రిప్ట్ పెట్టే కుకీకి (మనిషిని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చీటీ) ఆయుష్షు 7 రోజులు, ఎఫ్‌బీక్లిడ్ లాంటి యాడ్ తోకతో వచ్చిన రాకల్లో 24 గంటలకే పోవచ్చు. సోమవారం యాడ్‌లో చూసి, శుక్రవారం నేరుగా వచ్చి కొన్న మనిషి అనలిటిక్స్‌కి కొత్త మనిషే. పైగా ఇన్‌స్టా లోపల తెరుచుకునే బ్రౌజర్ వేరు, ఫోన్‌లో మామూలు బ్రౌజర్ వేరు. ఒకదాని కుకీ ఇంకోదానికి తెలీదు. ఇన్‌స్టాలో చూసి, పేరు గుర్తుపెట్టుకుని, లాప్‌టాప్‌లో కొంటే మరీ దూరం. కుకీలు వద్దని నొక్కినవాళ్ళు ఎలాగూ లెక్కలోకే రారు.

కాబట్టి మెటా ఎక్కువ చెబుతుంది, అనలిటిక్స్ తక్కువ చెబుతుంది. నేనైతే రెండిటి మధ్యలో ఉంటుందని బతికేస్తున్నా.

చిలకపచ్చ
మేము ఆర్డర్ అయ్యాక ఒక్క ప్రశ్న అడుగుతాం: "మా గురించి ఎలా తెలిసింది?" నాలుగు జవాబులు, ఒకటి నొక్కాలి. ఏ కుకీ అక్కర్లేదు.

పాతకాపు
జనం మొదట ఉన్నదే నొక్కుతారు. మేము ఫేస్‌బుక్ మొదట పెడితే ఫేస్‌బుక్, ఫ్రెండ్ మొదట పెడితే ఫ్రెండ్. వరస మారుస్తూ ఉండేలా పెట్టాకే కాస్త నమ్మబుద్ధి అయింది.

లెక్కలమాస్టారు
రోజువారీ పోల్చేవాళ్ళకి ఒక చిన్న మాట: చేయకండి. సోమవారం యాడ్ క్లిక్ చేసి గురువారం కొంటే మెటా దాన్ని సోమవారం కింద రాస్తుంది, మీ పుస్తకం గురువారం కింద రాస్తుంది. యాడ్ అకౌంట్ టైమ్ జోన్ వేరుగా ఉంటే మరీ అన్యాయం. నెలకి నెల చూడండి.

బండెడు_డౌట్లు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. ట్యాగ్ మేనేజర్ పిక్సెల్ పీకేశా. ఈవెంట్ ఐడీ ఆర్డర్ నంబరే. మళ్ళీ టెస్ట్ చేస్తే బ్రౌజర్ ఒకటి, సర్వర్ ఒకటి, ఒకదాన్ని పారేసినట్టు పక్కనే చూపించింది. యూటీఎం పెట్టా, గేట్‌వేని లిస్ట్‌లో వేశా, ప్రశ్న కూడా పెట్టా (వరస మారుతూ).

ఈ మూడు వారాల్లో మొత్తం ఆర్డర్లు 38. మెటా లెక్క 19, అందులో క్లిక్ చేసినవాళ్ళు 13, ఊరికే చూసినవాళ్ళు 6. అనలిటిక్స్ లెక్క 12. ప్రశ్నకి జవాబిచ్చిన 29 మందిలో "యాడ్ చూశా" అన్నవాళ్ళు 11.

ఇంకోటి. నా దగ్గర ఎక్కువ లైక్స్ ఉన్న యాడ్ ఎర్ర బ్యాగు ఫొటోది. దాని కింద కామెంట్స్ చూసి రోజూ సంతోషపడేదాన్ని. కాంటెంట్‌లో చూస్తే ఆ యాడ్ నుంచి ఒక్క ఆర్డర్ లేదు. కుట్టు దగ్గరనుంచి తీసిన వీడియో ఒకటుంది, సూది, దారం, నా బొటనవేలు తప్ప ఏమీ కనబడవు. 12లో 9 దాని నుంచే.

కోడుకోతి
క్లిక్ 13, అనలిటిక్స్ 12. ఇంతకంటే దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. స్క్రీన్‌షాట్ దాచుకోండి, వచ్చే నెల ఇలా ఉండదు.

సూరీడు77
బొటనవేలుకి బడ్జెట్ పెంచండి. నా మాట వెనక్కి తీసుకోవట్లేదు, కానీ అది మాత్రం పెంచండి.

తోకచుక్క
ఎర్ర బ్యాగు ఫ్యాన్స్ తరఫున నిరసన.

బండెడు_డౌట్లు
లెక్కలమాస్టారు గారూ, మీకో సంగతి చెప్పాలి. పోయిన నెల 52 నిజమైన అంకె అన్నారు కదా. నిన్న ఆర్డర్లు తిరగేస్తుంటే ఒకే పేరుతో నాలుగు కనబడ్డాయి. ఏజెన్సీ అబ్బాయి పెట్టిన టెస్ట్ ఆర్డర్లు. 48.

లెక్కలమాస్టారు
పుస్తకాన్ని నమ్మమన్న నోటితోనే అడుగుతున్నా. క్యాన్సిల్ అయినవీ, వెనక్కి వచ్చినవీ ఆ 48లోంచి తీసేశారా?

బండెడు_డౌట్లు
…లేదు.